కుప్ప కింద నాలుగో వేలు

గురువారం పొద్దున పదకొండు గంటలకు నా చేతిలో ఉన్నవి మూడు. ఒకటి, ఒక కుడికాలి చెప్పు. రెండు, ఒక నోటుబుక్కు. మూడు, భయం. భయాన్ని కూడా సరుకుల్లో కలిపి లెక్కవేస్తాను. ఇరవై రెండేళ్ల వ్యాపారంలో నన్ను మునగనివ్వకుండా చూసింది అదే.

నా పేరు గౌస్ బాషా. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేశాను. బస్తా పైన ఎర్రటి కాయ, అడుగున తాలు కాయ పోసి కుట్టేవాళ్లను పట్టుకోవడం అలవాటయ్యాక, ఎవరి ఇంట్లో ఏది పోయినా నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కొట్టు మూసేసి బ్రాడీపేటలో చిన్న ఆఫీసు పెట్టాను. బల్ల, రెండు కుర్చీలు, ల్యాండ్‌లైన్ ఫోను. బోర్డు మీద 'విచారణలు చేయబడును' అని రాయించాను.

చెప్పు షఫీక్‌ది. తెల్లవారి తలుపు తీసేసరికి గుమ్మంలో కనపడిందట. దాని నిండా సున్నపు రాళ్లు పోసి ఉన్నాయి. షఫీక్ భార్య రిహానా దాన్ని పేపర్లో చుట్టి, షఫీక్ నోటుబుక్కుతో పాటు నా బల్ల మీద పెట్టింది.

నేనొక రాయి తీసి సాసరులో వేసి చెంచాడు నీళ్లు పోశాను. బుస్సుమంది. పగిలి, పొంగి, ఆవిరి లేచింది. రిహానా కుర్చీ వెనక్కి జరిపింది.

"ఏందన్నా అది?"

"కాల్చిన సున్నం. గాలి తగిలితే కొద్దిరోజులకే పిండైపోతుంది. ఇది ఇంకా రాయిలాగే ఉందంటే నిన్నో మొన్నో బట్టీలోంచి దిగింది."

"బట్టీలు పిడుగురాళ్లలో కదా ఉండేది?"

"అక్కడే."

 బట్టీలో ఏది పడినా మిగిలేది బూడిదే. ఇద్దరికీ తెలుసు.

సంగతి ఇది. వేసవి సెలవులకి బుల్లయ్య అనే ఆయన గుంటూరులో డైనోసార్ల ప్రదర్శన పెడుతున్నాడు. ఫైబర్ బొమ్మలు చేసే షఫీక్‌ను ఏడాదిపాటు కూర్చోబెట్టి ఆరు టైరన్నోసార్లు చేయించాడు. లోపల ఇనుప చువ్వల గూడు, పైన ఫైబర్ తోలు. నల్లపాడు దగ్గర ఒక పాత మిర్చి గోడౌనులో వాటిని పెట్టారు. మంగళవారం మధ్యాహ్నం గోడౌను తగలబడింది. అప్పటినుంచి షఫీక్ లేడు. కూలి దగ్గర గొడవపడి తనే అంటించి పారిపోయాడని బుల్లయ్య ఫిర్యాదు ఇచ్చాడు. బొమ్మలకు బీమా ఉంది. బీమా కంపెనీ తరఫున విచారణకి వచ్చిన అంకమ్మరావు కూడా అదే రాశాడు. మిగిలిన ఇనుమంతా ఈరోజు నాలుగు గంటలకు లారీ ఎక్కుతుంది. ఎక్కిందంటే చూడటానికి ఏమీ మిగలదు.

"ఆయన పారిపోయాడంటున్నారు గదన్నా. ఒంటికాలి చెప్పుతో పారిపోతాడా?" అంది రిహానా.

"నువ్విక్కడే ఉండమ్మా. ఇంటికి వెళ్లకు. షట్టర్ సగం దించుకో. ఎవరు పిలిచినా బయటికి రావద్దు."

* * *

బుల్లయ్య వచ్చేదాకా కాచుకుని, రెండింటికి ఆయన ముందు కూర్చున్నాను. ఆయన ఆఫీసు మా వీధికి నాలుగు వీధుల అవతల. అరవై ఏళ్ల మనిషి. సర్కస్‌లు, జెయింట్ వీల్‌లు నడిపిన చెయ్యి. 

"మంగళవారం రెండింటికి ఎక్కడున్నారు?"

"ఈ కుర్చీలోనే. కావాలంటే ఈ ఫ్యాన్ని అడుగు."

"ఫ్యాను మాట్లాడదు. మీ సెల్లు మాట్లాడుతుంది. చూపిస్తారా?"

"చూసుకోవయ్యా. నాకేం భయం? కాపలా యలమందయ్య ఫోన్ చేశాడు. 'అయ్యా, అంటుకుందయ్యా' అని ఏడ్చాడు. అప్పుడు నేనిక్కడే ఉన్నా. నల్లపాడు నుంచి ఎగిరొచ్చి కూర్చున్నానా?"

సెల్లులో కాల్ ఉంది. రెండూ అయిదు.

"పొగ ఎప్పుడు లేచింది?"

"రెండూ పదికి. అప్పుడే ప్యాసింజరు రైలు నల్లపాడు స్టేషన్లో ఆగింది, దిగినోళ్లందరూ చూశారు. స్టేషన్ మాస్టరు కూడా చెప్పాడు."

"అంటే ఊరందరికీ రెండూ పదికి అంటుకుంది. మీకు మాత్రం రెండూ అయిదుకే అంటుకుంది."

ఆయన సెల్లు నా వైపు తోశాడు. "దాని టైము వెనకుంటుందిలే."

నా వాచీ, ఆ సెల్లూ పక్కపక్కన పెట్టాను. నిమిషం కూడా తేడా లేదు.

"ఆ అయిదు నిమిషాలూ పక్కన పెడదాం బుల్లయ్య గారూ. కాలినవి షఫీక్ చేసిన బొమ్మలేనా?"

"ఇంకెవరివి? ఆరూ అవే."

"మీరు చూశారా?"

"అంకమ్మరావు చూశాడు. లెక్కపెట్టి, పట్టా కప్పి సీలేశాడు."

"లక్షలు పోసి చేయించిన మీరు చూడలేదు?"

"నన్ను దగ్గరికి రానిస్తే గదా!" గట్టిగానే అన్నాడు. అన్న తర్వాత గుమ్మం వైపు చూశాడు. నేనూ చూశాను. ఎవరూ లేరు. అయినా ఆయన గొంతు తగ్గించాడు.

"బాషా, నువ్వు పెళ్లాం పిల్లలున్న మనిషివి. వాడితో పెట్టుకోకు. నేనొక్క బేరానికే కూర్చున్నా వాడితో. బొమ్మల వరకే. మనిషి సంగతి అందులో లేదు. అది వాడు తర్వాత కలిపాడు."

"ఏ మనిషి సంగతి?"

"నేనేమన్నా? ఏమీ అనలా. లెయ్యి, నాకు బీపీ ఉంది."

ఆయన నన్ను చూసి భయపడటం లేదు. బేరంలో తన భాగస్తుణ్ని చూసి భయపడుతున్నాడు. యార్డులో అలాంటివాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల నోటినుంచి ఒక్క ముక్కే వస్తుంది. రెండోది రాదు.

* * *

ఆటోలో నోటుబుక్కు తీశాను. షఫీక్ ఏడో తరగతి చదివాడు. కానీ ఆ పుస్తకం చూస్తే నాకు సిగ్గేసింది. నేను మిర్చి రకాల గురించి ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రాసుకోలేదు.

మిర్చి అంటే ఒకటే అనుకునేవాడు యార్డులో పూట గడపలేడు. సన్నం వేరు, తేజ వేరు, బ్యాడిగ వేరు. రంగు వేరు, ఘాటు వేరు, తొడిమ వేరు. టైరన్నోసార్ కూడా అంతేనని ఆ పుస్తకం చెబుతోంది. జనానికి తెలిసిన రెక్స్ ఆ వంశంలో ఆఖరి రోజుల్లో వచ్చింది. మొదట్లో వచ్చినవాటికీ దానికీ మధ్య తొమ్మిది కోట్ల ఏళ్లు.

మొదటి పేజీ గ్వాన్‌లాంగ్. పదహారు కోట్ల ఏళ్ల నాటిది. మనిషి నడుము ఎత్తు, తల మీద ఎముక తురాయి. చేతికి మూడు వేళ్లు. రెండోది డైలాంగ్. దానికంటే చిన్నది, కుక్కంత, ఒంటినిండా ఈకల్లాంటి నూగు. దీనికీ మూడు వేళ్లే. అక్కడినుంచి ఒళ్లు పెరుగుతూ వచ్చింది, చేతులు కుంచించుకుపోయాయి. అలియోరామస్‌కి సన్నటి పొడుగు మూతి, మూతి మీద వరసగా బొడిపెలు. ఆల్బర్టోసారస్ తేలిక ఒంటిది, పరుగుకి కాళ్లు. టార్బోసారస్ దాదాపు రెక్స్ అంతటిది, ఒంటికి తగ్గ చేతులు చూస్తే మాత్రం అన్నిటికంటే చిన్నవి. చివర రెక్స్. ఈ నాలుగింటి పక్కనా ఎర్ర పెన్నుతో ఒకే మాట రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది: 'రెండే వేళ్లు. మర్చిపోవద్దు. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు.'

ఆరింటిలో రెండింటికి మూడు వేళ్లు. నాలుగింటికి రెండు వేళ్లు. మూడు వేళ్లున్న రెండూ చిన్న జంతువులు. నాకు తూకం దొరికింది. ఇక సరుకు తూచాలి.

* * *

గోడౌను చేరేసరికి రెండూ నలభై. పైకప్పు రేకులు వంగిపోయి ఉన్నాయి. వాకిట్లో లారీ, పక్కన డ్రైవరు. మసి గోడకి ఆనుకుని యలమందయ్య కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి తల దించుకున్నాడు. మధ్యలో ఇనుప కుప్ప. కల్లాల్లో మిర్చి మీద కప్పే నీలం పరదా పట్టా కప్పి, చుట్టూ పురికొసతో బిగించి కట్టారు. ముడి మీద లక్క సీలు.

అంకమ్మరావు గోడ పక్కన స్కూటరు నిలబెట్టి, కుర్చీ వేసుకుని కుప్ప పక్కనే ఉన్నాడు. అంత మసిలోనూ చొక్కా తెల్లగా ఉంది. ఇంతకుముందు రెండు కేసుల్లో నా నోటి దగ్గర ముద్ద లాక్కున్న మనిషి. నవ్వుతూ లాక్కుంటాడు.

"రండి సాయిబు గారూ! మిరపకాయల ఘాటు చాల్లేదా, మసి పీల్చుకుందామని వచ్చారు?"

"ముక్కు మొద్దుబారిందండీ. కొత్త వాసన తగిలితే బాగుపడుతుందేమోనని."

"మీ షఫీకు వాసనేమన్నా తగిలిందా? తగిలితే చెప్పండి, పోలీసులకి నేను ఫోన్ చేస్తా. మీకు శ్రమెందుకు?"

"తగిలితే మొదట మీకే చెప్తాను."

మాట్లాడుతూ కుప్ప చుట్టూ తిరిగాను. సీలు కాగితం మీద 'బుధవారం, ఉదయం పది' అని ఉంది. వంగి చూశాను. చుట్టూ వస్తువులన్నిటి మీదా మసి పొర ఉంది. పురికొస మీద లేదు. నిన్న పొద్దున కట్టినదైతే రాత్రంతా ఎగిరిన బూడిద దాని మీద వాలాలి. అది కొత్త కొస. పట్టా మీద ఉన్న పాత ముడి గుర్తులు వేరే చోట ఉన్నాయి. కుప్పను ఈరోజు ఎవరో విప్పి, మళ్లీ కట్టారు. ఎందుకు?

డ్రైవర్ని అడిగాను. "లోడు ఎక్కడికి తమ్ముడూ?"

"పిడుగురాళ్ల."

"తుక్కు కొట్టుకి," అని వెనకనుంచి అంకమ్మరావు వెంటనే అన్నాడు.

"పిడుగురాళ్లలో ఎక్కడ?"

"సున్నపు బట్టీ దగ్గర దించమన్నారు గదండీ," అన్నాడు డ్రైవరు అమాయకంగా. ఆ తర్వాత అంకమ్మరావు మొహం చూసి బీడీ పడేశాడు.

నాకు చెప్పు గుర్తొచ్చింది.  తుక్కు ఇనుము కరిగించేది ఇనుప మిల్లులో. సున్నపు బట్టీలో ఇనుము వేసేవాడు లేడు. బట్టీకి పంపాల్సింది ఈ కుప్పలో ఇంకేదో ఉంది.

"పట్టా విప్పండి అంకమ్మరావు గారూ."

"కోర్టు కాగితం ఉందా?"

"లేదు."

"పోలీసు కాగితం?"

"లేదు."

"మరి ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నారు? అది నా సీలు. విప్పి చూడ్డానికి వీల్లేదు."

"విప్పను. చూడను. చెయ్యి పెడతాను. సీలుకి చెయ్యి తగలదు."

అతను పగలబడి నవ్వాడు. "చెయ్యి పెట్టి ఏం చూస్తారండీ? ఎండిందా లేదా అనా? పెట్టండి, పెట్టండి. పావుగంట టైము."

యార్డు సంగతి తెలియనివాడు కాబట్టి నవ్వాడు. మా దగ్గర పాతకాలం బేరమంతా తువాలు కింద జరిగేది. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలిపి పైన తువాలు కప్పేవాళ్లు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, అయిదూ కలిపి గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. చుట్టూ పదిమంది నిలబడి మొహాలు చూస్తుంటారు. లోపల వేళ్లు ఏం చెప్పినా పైన మొహం కదలకూడదు. కదిలితే బేరం పోతుంది. ఇరవై రెండేళ్లు నేను అన్నం తిన్నది ఆ వేళ్లతోనే.

పట్టా అంచు కింద చెయ్యి దూర్చాను. లోపల పొయ్యిలా ఉంది. ఫైబర్ అంతా కాలిపోయి చువ్వల గూళ్లే మిగిలాయి, ఒకదాని మీద ఒకటి పక్కకి పడి ఉన్నాయి. తడుముకుంటూ పోతే మొదటి చెయ్యి దొరికింది. మణికట్టు నుంచి వేళ్లు. ఒకటి, రెండు, మూడు. గ్వాన్‌లాంగ్ అయ్యుండాలి.

నాలుగడుగులు జరిగి ఇంకో గూడు దగ్గర మళ్లీ దూర్చాను. రెండో చెయ్యి. ఒకటి, రెండు, మూడు. డైలాంగ్ అనుకుందామంటే మోచేతి నుంచి మణికట్టుకే మూరెడు ఉంది. కుక్కంత జంతువుకి మూరెడు ముంజెయ్యి ఉండదు. మొదటిదాన్ని మళ్లీ కొలిచాను. అదీ మూరెడే. ఒకే అచ్చులో పోసినట్టు.

మూడో గూడు చెయ్యి. మూడు వేళ్లు, మూరెడు ముంజెయ్యి.

అంతే, తేలిపోయింది. ఆరింటిలో మూడోదానికి మూడు వేళ్లు ఉండటానికి వీల్లేదు. ఇవి షఫీక్ చేతివి కావు. ఏ పార్కు గేటు ముందో పెట్టడానికి ఎవరో గంపగుత్తగా చేసిన బొమ్మలు. మంచి సరుకు దాటించి, తాలు సరుకు గోడౌనులో పెట్టి అంటించారు. మిర్చిలో ఈ పని చేసినవాళ్లను నాకు తెలుసు. డైనోసార్లలో చేస్తారని తెలియదు. షఫీక్ ఒక్కసారి ఈ కుప్పను చూస్తే చాలు, ఇవి నావి కావని అరిచి చెప్పేవాడు. అందుకే షఫీక్ లేడు.

"ఏవండీ, ఎండిందా?" అన్నాడు అంకమ్మరావు.

"ఇంకొక్కటి చూసి చెప్తాను."

వెనక వైపుకి వెళ్లాను. అక్కడ పట్టా కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. చెయ్యి భుజం దాకా పోనిచ్చాను. చువ్వలు, బూడిద, ఒక గోతం. గోతం కింద నాలుగో చెయ్యి దొరికింది. వేళ్లు లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు.

నాలుగు.

ఆ వంశంలో నాలుగు వేళ్లది ఏదీ ఆ పుస్తకంలో లేదు. పైగా ఆ వేలు ఇనుము కాదు. మెత్తగా ఉంది. నేను పట్టుకోగానే వంగింది.

అయిదో వేలు వచ్చి నా చూపుడువేలు చుట్టూ బిగుసుకుంది.

 ఎదురుగా ఆరడుగుల దూరంలో అంకమ్మరావు కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఆ క్షణంలో నేను చేసిందల్లా ఒకటే. మొహాన్ని యార్డులో పెట్టినట్టు పెట్టాను. ఒక ఆవులింత కూడా ఆవులించాను. అంతగా వణుకు దాచిన ఆవులింత నా జన్మలో లేదు.

"ఏమైంది సాయిబు గారూ, చెయ్యి ఇరుక్కుందా?"

"చువ్వ గుచ్చుకుందండీ. తీసుకుంటున్నా."

తీసుకుందామంటే ఆ చెయ్యి వదలడం లేదు. బలం లేని పట్టు, కానీ వదలని పట్టు. బేరంలో చెయ్యి లాక్కుంటే నాకు అక్కర్లేదు, పోతున్నాను అని అర్థం. నేను లాక్కుంటే లోపలున్నవాడు అదే అనుకుంటాడు. నోరు కట్టేసి ఉంటుంది, లేకపోతే అరిచేవాడు. అరవలేని మనిషి ఒక్కసారి కాళ్లు తన్నుకున్నా చాలు, పట్టా కదులుతుంది, అంకమ్మరావు లేస్తాడు. లారీ డ్రైవరు చేతిలో రాడ్డు ఉంది. నా చేతిలో తువాలు ఉంది.

షఫీక్ తండ్రి యార్డులో బస్తాలు మోసినవాడు. షఫీక్ ఆ బస్తాల మీద పెరిగినవాడు. ఆ ఒక్క ఆశతో, ఆ అయిదు వేళ్లనీ కలిపి నా గుప్పిట్లో పట్టుకుని గట్టిగా నొక్కాను. ఒప్పుకున్నాను. ఈ సరుకు నాది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ వేళ్లు ఒకటొకటిగా నన్ను వదిలాయి.

* * *

మూడూ పదికి బయటికి వచ్చాను. నాలుగింటికి లోడింగు. పోలీసులకి ఫోన్ చేస్తే అతని సీలుకీ నా మాటకీ మధ్య గంట పోతుంది. ఇక్కడ వాళ్లు ముగ్గురు. కండ ఉన్న మనుషులు పదిమంది పైగా కావాలి నాకు, అదీ అరగంటలో.

లారీ నీడన నిలబడి సెల్లు తీశాను. వ్యాపారి అలవాటు, ఫోనులో గట్టిగా మాట్లాడతాను. గుసగుసలాడితే అనుమానం వస్తుందని ఇంకొంచెం గట్టిగా మాట్లాడాను.

"రిహానా, మన ఆఫీసు బల్ల సొరుగులో బస్తాలు మోసే యార్డు ముఠా నంబరుంటుంది. వాళ్లకి చెప్పు, నల్లపాడు పాత గోడౌను దగ్గరికి ట్రాక్టరేసుకుని రమ్మను. పచ్చి సరుకు గోతంలో కట్టేశారు. ఇప్పుడే విప్పకపోతే చచ్చిపోద్ది. ఆ... కొక్కేలు తెచ్చుకోమను. నువ్వు మాత్రం అక్కడే ఉండు, కదలకు."

ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి అంకమ్మరావు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వ్యాపారం మానలేదన్నమాట."

"మానితే జీర్ణం కాదండీ."

"ఇంతకీ ఏం తేల్చారు లోపల చెయ్యి పెట్టి?"

టైము కావాలి. టైము కావాలంటే గొడవే దారి. "ఒక సంగతి తేలిందండీ. రెక్స్‌కి ఎన్ని వేళ్లు?"

"ఏ రెక్సు?"

"మీరు లెక్కపెట్టి సీలేసిన ఆరింటిలో పెద్దది."

అతని నవ్వు మొదటిసారి ఆగింది. "ఎన్నుంటే నీకెందుకయ్యా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"రెండుండాలి. మీ కుప్పలో నేను పట్టుకున్న మూడింటికీ మూడేసి ఉన్నాయి. కంపెనీకి ఏమని రాస్తారు? మంటల్లో వేళ్లు మొలిచాయని రాస్తారా?"

"కాలిన ఇనుము వంగుతుంది, చీలుతుంది. నువ్వు పండు మిరపకాయలు లెక్కపెట్టుకో."

"మూడూ ఒకే కొలతకి చీల్తాయా? అయితే మిగతావి కూడా చూద్దాం. వెనకవైపు ఒకటుంది."

వెనకవైపు అన్న మాటకి అతని కళ్లు అటు పోయి వెంటనే నా మీదకి వచ్చాయి. ఇద్దరికీ అర్థమైంది. నాకు తెలుసని అతనికి తెలిసింది.

"లోడెక్కించండ్రా," అన్నాడు మెల్లగా. "నాలుగు దాకా అక్కర్లేదు."

డ్రైవరు కదిలాడు. నేను వెళ్లి కుప్పకీ లారీకీ మధ్య నిలబడ్డాను.  డ్రైవరు రాడ్డు పట్టుకుని అంకమ్మరావు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తోలడానికి వచ్చినవాడు, కొట్టడానికి రాలేదు. "తప్పుకోండి సాయిబూ," అన్నాడు బతిమాలుతున్నట్టు.

"యలమందయ్యా," అని పిలిచాడు అంకమ్మరావు. "నువ్వు లాగేయ్ ఈయన్ని."

యలమందయ్య లేచాడు. కదల్లేదు. "మంట పెట్టమంటే పెట్టా," అన్నాడు.  "మనిషిని మోయమంటే మోశా. ఇంక నా వల్ల కాదు బాబూ."

అప్పుడే రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడు వినిపించింది. మూడూ ముప్పై అయిదు. ట్రక్కులో పద్నాలుగు మంది, భుజాల మీద కొక్కేలు. ముందున్న ముఠా మేస్త్రి అనీస్ దిగకముందే అరిచాడు.

"ఏం బాషా అన్నా, సరుకేది?"

"ఆ పట్టా కింద! కోసేయండి! ఇనుము జాగ్రత్త, అడుగున మనిషున్నాడు!"

మనిషి అన్న మాట విన్నాక సీలు ఎవరిదని ఎవరూ అడగలేదు. పద్నాలుగు కొక్కేలు ఒకేసారి పట్టా మీద పడ్డాయి. కొస తెగింది. చువ్వల గూళ్లు పక్కకి లేచాయి. బూడిదలోంచి గోతం బయటపడింది, గోతంలోంచి షఫీక్. నోట్లో గుడ్డ, కాళ్లు కట్టేసి ఉన్నాయి, ఒక చెయ్యి మాత్రం ఎలాగో విడిపించుకున్నాడు. చర్మం ఎర్రగా కమిలిపోయింది. కానీ ఊపిరి ఆడుతోంది. అనీస్ అతన్ని ఎత్తుకుని నీడలో పడుకోబెట్టాడు. యలమందయ్య తన చెంబుతో నీళ్లు తెచ్చి పోస్తూ ఏడుస్తున్నాడు. ఎవరో పోలీసులకి ఫోన్ చేస్తున్నారు.

షఫీక్ నా తువాలు అంచు పట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చెవి దగ్గర పెట్టాను.

"అంకమ్మరావు ఒకటే అడిగాడు భాయ్... రెండు రోజులూ... ఇవి నీవి కావని నువ్వుగాక ఇంకెవరు చెప్పగలరని."

"ఏం చెప్పావు?"

"చెప్పకూడదనే అనుకున్నా. నిన్న రాత్రి సున్నం చూపించాడు... కళ్ల దగ్గర పెట్టాడు." అతను కళ్లు మూసుకున్నాడు. "నా చేతులు మోటు. సన్న పని నాకు రాదు. ఆ చేతులు, వేళ్లు... అన్నీ రిహానా చేసింది. ఆమె పేరు చెప్పేశాను భాయ్."

నేను లేచి చూశాను. కుర్చీ ఉంది. మనిషి లేడు. గోడ పక్కన నిలబెట్టిన స్కూటరు లేదు.

"ఎప్పుడెళ్లాడు?"

"ట్రాక్టరు రాగానే," అన్నాడు డ్రైవరు. "మీరంతా పట్టా కోస్తుంటే. ఊళ్లోకి పోయాడు. ఓ పది నిమిషాలైంది."

నల్లపాడు నుంచి బ్రాడీపేటకి స్కూటరు మీద పావుగంట. పారిపోయేవాడు అటువైపు పోడు. కానీ అతను పారిపోవడం లేదు. ఆమె అతని చేతికి చిక్కిందంటే షఫీక్ నోరూ నా నోరూ రెండూ మూతపడతాయి. ఆమె పేరు అతనికి రాత్రి నుంచీ తెలుసు; నోరు మూసుకొమ్మనే ఆ చెప్పు పెట్టాడు. ఎక్కడుందో తెలియదు. పొద్దున చెప్పు పెట్టిన ఇంట్లో ఇప్పుడు ఆమె లేదు కదా.

లారీ నీడన నిలబడి నేను గట్టిగా అరిచి చెప్పిన మాటలు నాకే మళ్లీ వినిపించాయి.

ఆఫీసు నంబరు కొట్టాను. మోగుతోంది. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ కొట్టాను. నేను కదలకు అన్నాను కాబట్టి ఆమె కదలదు. ఫోను పక్కనే ఉండాలి. అనీస్ ట్రాక్టరు తిప్పుతున్నాడు, ఎక్కన్నా అంటున్నాడు. చెవి దగ్గర ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

ఆ రోజు నేను చేసిన వ్యాపారం ఇంతే. మొగుణ్ని తెచ్చుకున్నాను. పెళ్లాం ఎక్కడుందో కొనేవాడికి నా నోటితో నేనే చెప్పాను.